జింకని ఎంత దూరం నుంచి కాల్చొచ్చు?

పోయిన నెల డాలస్ నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. వాళ్లది మా పక్క ఊరే. గ్రీన్ కార్డు వచ్చింది, ఇల్లు కొన్నాడు, ఇప్పుడు రైఫిల్ కూడా కొన్నాడు. 6.5 క్రీడ్‌మోర్ అనే తూటా రకానిది, దాని మీద ఖరీదైన స్కోపు. "అన్నా, దీంతో 500 గజాల దాకా జింకని పడగొట్టొచ్చంట. నువ్వు ఎంత దూరం దాకా కొడతావ్?" అని అడిగాడు.

"150" అన్నాను.

అవతల కాసేపు మాట లేదు. లైన్ కట్ అయిందేమో అనుకున్నాను. తర్వాత మెల్లగా, "నీది పాత తుపాకీయా అన్నా?" అన్నాడు.

నా తుపాకీ .308 విన్‌చెస్టర్ అనే తూటా రకానిది. 300 గజాల దగ్గర కూడా దాని పని అది చక్కగా చేస్తుంది. ఆ 150 నా లెక్క. అంత దూరం దాకా నా చేతుల మీద, నా కళ్ల మీద, నా ఊపిరి మీద నాకు నమ్మకం ఉంది. ఆ తర్వాత లేదు. ఈ సంగతి ఫోన్లో సరిగ్గా చెప్పలేకపోయాను. ఈమధ్య నాకు తెలిసిన మనవాళ్లలోనే నలుగురైదుగురు వేటకి వెళ్తున్నారు కాబట్టి అందరికీ పనికొస్తుందని రాస్తున్నాను.

ముందే ఒక మాట. ఇదంతా టెక్సస్ సంగతి. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జింకని వేటాడటం నేరం. అది అలాగే ఉండాలని నా కోరిక. ఇక్కడ పరిస్థితి వేరు. తోడేళ్లు అంతరించిపోయాయి, జింకలు మేతకి మించి పెరిగాయి. ఏ కౌంటీలో ఎన్ని కొట్టొచ్చో ప్రభుత్వమే తేల్చి, లైసెన్సుతో పాటు ట్యాగులు, అంటే కొట్టిన జింకకి కట్టే చీటీలు, ఇస్తుంది. మా వైపు రైఫిల్ సీజను నవంబరు మొదటి శనివారం మొదలవుతుంది.

ఇక గజాల మాట. మనకి గజం కొత్త కాదు, ప్లాట్లు కొనేది దాంతోనే. కానీ పొడుగు లెక్కలో 300 గజాలంటే ఎంతో చాలామందికి కళ్ల ముందు కనపడదు. క్రికెట్ పిచ్ 22 గజాలు. 100 గజాలంటే నాలుగున్నర పిచ్‌లు, 300 అంటే దాదాపు పధ్నాలుగు పిచ్‌లు వరసగా పరిచినట్టు. ఆ చివర ఒక జింక నిలబడింది. మేం వేటాడే హిల్ కంట్రీ, అంటే టెక్సస్ నడిమి గుట్టల ప్రాంతపు జింక చిన్నది, వెన్ను నుంచి రొమ్ము కిందిదాకా అటూ ఇటుగా 15 అంగుళాలుంటుంది. అందులో గుండె, ఊపిరితిత్తులు ఉండే ఆయువుపట్టు 8 అంగుళాల వలయం అని ఇక్కడి వేటగాళ్లు చెబుతారు. నేను 6 అనుకుంటాను. అంటే టీ సాసరంత. పధ్నాలుగు పిచ్‌ల అవతల ఉన్న సాసరు, అది కూడా ఊపిరి పీలుస్తూ మేస్తూ కదిలే సాసరు.

ఇది నేను లెక్కల్లో నేర్చుకోలేదు. 2019 నవంబరులో నేర్చుకున్నాను.

హిల్ కంట్రీలోని లానో అనే ఊరి దగ్గర ఒక పెద్దాయన రాంచి, అంటే పశువులు మేపే పెద్ద పొలం. లానో వాళ్లు తమ ఊరిని టెక్సస్ జింకల రాజధాని అని చెప్పుకుంటారు. నాకది మూడో సీజను. చెక్కతో కట్టిన బ్లైండులో కూర్చున్నాను. మన చేలల్లో మంచె ఉంటుందే, అలాంటిదే, కాకపోతే చుట్టూ గోడలూ చిన్న కిటికీలూ ఉంటాయి. ఎదురుగా పొదలు నరికి తీసిన పొడవాటి బాట, దాన్ని ఇక్కడ సెందేరో అంటారు. రెండు పక్కలా మెస్కీట్ చెట్లు. మెస్కీట్ మన సర్కారు తుమ్మకి దాయాది. అదే ముల్లు, అదే నీడలేని నీడ. కింద నాగజెముడు పొదలు. మొదటిసారి చూసినప్పుడు మహబూబ్‌నగర్ బీడు భూముల్లో నిలబడ్డట్టే అనిపించింది నాకు.

సాయంత్రం ఐదుంపావు. పొద్దు చెట్ల మీదికి దిగింది. సెందేరో చివర ఒక ఆడజింక వచ్చి అడ్డంగా నిలబడింది, తల ఎడమవైపు. దూరం కొలిచే రేంజ్‌ఫైండర్ నొక్కితే 274 అని వచ్చింది. ఎర్రగా మెరిసిన ఆ అంకె నాకు ఎవరో ఇచ్చిన అనుమతిలా కనిపించింది. షూటింగ్ రేంజిలో 300 గజాల స్టీలు పలకని ఎన్నోసార్లు మోగించినవాణ్ణి. నా రైఫిల్ 100 గజాలకి సెట్ చేసింది, అంటే ఆ దూరంలో గురిపెట్టిన చోటే తగులుతుంది, 274 దగ్గర తూటా దాదాపు అడుగు కిందికి దిగుతుందని తెలుసు. ఆ మేరకు పైకి పట్టాను. కిటికీ చెక్క మీద రైఫిల్ ఆనించాను. గుండె చప్పుడు చెవుల్లో వినపడుతోంది. ట్రిగ్గర్ నొక్కాను.

జింక పడలేదు. ఎగిరి దూకలేదు కూడా. వీపు విల్లులా వంచి, మెల్లగా నడుచుకుంటూ పొదల్లోకి వెళ్లిపోయింది.

పెద్దాయన ట్రక్కు వేసుకుని వచ్చి ఒక్కటే అడిగాడు. "పరిగెత్తిందా, నడిచిందా?" నడిచింది అన్నాను. ఆయన టోపీ తీసి, నెత్తి రాసుకుని, మళ్లీ పెట్టుకున్నాడు. ఇంకేమీ అనలేదు.

టార్చి వేసి చూశాం. తూటా ఊపిరితిత్తులకి తగిలితే నేల మీద లేత ఎరుపు రంగు నెత్తురు, నురగతో ఉంటుంది. కాలేయానికి తగిలితే ముదురు ఎరుపు. మాకు దొరికినవి రెండు చుక్కలు, నాలుగు ముతక వెంట్రుకలు, ఒక ఓక్ ఆకు మీద పచ్చటి జిగురు. వంగి వాసన చూశాను. పులిసిన గడ్డి వాసన. చిన్నప్పుడు కొట్టంలో పేడ ఎత్తాక చేతులకి ఉండే వాసన లాంటిది. తూటా పొట్టలోంచి పోయింది.

పొట్టకి తగిలిన జింకని వెంటనే తరమకూడదు. తరిమితే ఎక్కడికో పోతుంది. వదిలేస్తే దగ్గర్లోనే పడుకుంటుంది. పైగా ఇక్కడ పొద్దుగూకిన అరగంట తర్వాత కాల్చడానికి చట్టం ఒప్పుకోదు. అందుకని తెల్లారేదాకా ఆగాం. ఆ రాత్రి చలికి ట్రక్కు అద్దాల మీద మంచు కట్టింది. నేను కళ్లు మూయలేదు.

పొద్దున్న ఏడింటికి ఎండిన వాగు గట్టున కనిపించింది. బతికే ఉంది. ముందు కాళ్లు మడుచుకుని పడుకుని, తల ఎత్తి మావైపు చూసింది. లేవబోయింది. వెనక కాళ్లు లేవలేదు. మెడ వెంట్రుకల మీద మంచు తెల్లగా ఉంది. ఇరవై గజాల నుంచి రెండో తూటా వేశాను.

పధ్నాలుగు గంటలు. ఆ పధ్నాలుగు గంటలు అది పడ్డదంతా నా వల్లే.

ఇంటికొచ్చాక ఏం జరిగిందో లెక్క వేసి చూశాను. నేను వాడింది 150 గ్రెయిన్ల బరువున్న మామూలు సాఫ్ట్ పాయింట్ (మెత్తటి మొన ఉన్న) తూటా. బారెల్ నుంచి సెకనుకి 2820 అడుగుల వేగంతో బయటికొస్తుంది. 100 గజాలకి సెట్ చేసిన రైఫిల్లో అది 200 గజాల దగ్గర 4 అంగుళాలు దిగుతుంది, 300 దగ్గర 15, 400 దగ్గర దాదాపు 3 అడుగులు. ఈ దిగుడు భయపడాల్సింది కాదు. భూమి ఆకర్షణ రోజుకో రకంగా ఉండదు. ఫోన్లో యాప్ ఉంది, స్కోపు మీద తిప్పే డయల్ ఉంది, రేంజ్‌ఫైండర్ దూరం చెబుతుంది. ఇంతవరకు ఆ తమ్ముడి కొత్త రైఫిల్ నా దానికంటే మెరుగే.

నన్ను దెబ్బతీసింది గాలి. గంటకి 10 మైళ్ల గాలి అడ్డంగా వీస్తే ఇదే తూటా 100 గజాల దగ్గర ఒక్క అంగుళం పక్కకి జరుగుతుంది. 200 దగ్గర 4. 300 దగ్గర 10. 400 దగ్గర 19. దూరం నాలుగింతలైతే తప్పు పంతొమ్మిది ఇంతలైంది. పది మైళ్ల గాలి అంటే తుపాను కాదు, గడ్డి తలలూపే మామూలు గాలి. ఆ సాయంత్రం గాలి ఎడమ నుంచి కుడికి వీస్తోంది. జింక తల ఎడమకి ఉంది. అంటే గాలి తోసిన ప్రతి అంగుళమూ తూటాని గుండెకి దూరంగా, పొట్టవైపుకే తీసుకెళ్లింది. నాలుగు గోడల మధ్య కూర్చున్న నాకు ఆ గాలి తగల్లేదు. చెట్ల సందుల్లో అది ఎక్కడ ఎంత ఉందో ఏ యాప్ చెబుతుంది? నా దగ్గరొక గాలి, దారి మధ్యలో ఇంకో గాలి, జింక దగ్గర మరో గాలి. ఏళ్ల తరబడి సాధన చేసినవాళ్లు గడ్డి చూసి, ఎండకి గాలి అలల్లా ఆడటం చూసి చెప్పగలరు. నేను చెప్పలేను. నాకు తెలిసినవాళ్లలో చెప్పగలిగినవాళ్లు లేరు.

రెండోది, దీని గురించి ఎవరూ మాట్లాడరు. తూటా 300 గజాలు వెళ్లడానికి 0.38 సెకన్లు పడుతుంది, 400 వెళ్లడానికి 0.54. ఇంతేనా అనిపిస్తుంది. కానీ మేస్తూ మెల్లగా నడిచే జింక, గంటకి 3 మైళ్ల నడకతో, ఆ అర సెకనులో రెండడుగుల పైన ముందుకెళ్తుంది. ఒక్క అడుగు వేస్తే చాలు, గుండె ఉన్నచోటికి పొట్ట వస్తుంది. నేను ట్రిగ్గర్ నొక్కాక ఆ ఆడజింక ముందుకి అడుగు వేసిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. వేసి ఉంటే నేను చేయగలిగింది ఏమీ లేదు. ప్రపంచంలో ఎంత గొప్ప షూటరైనా, ఎంత ఖరీదైన రైఫిలైనా, బయల్దేరిన తూటాని వెనక్కి పిలవలేరు. ఇదే 100 గజాలైతే తూటాకి పట్టేది 0.11 సెకను. జింక అదే నడక నడిచినా ఆరంగుళాలు దాటదు. ఆగి నిలబడి ఉంటే అసలు కదలడానికే టైమ్ చాలదు.

దూరం పెరిగేకొద్దీ తూటా నీరసిస్తుంది కూడా. నా తూటా 300 గజాల దగ్గర సెకనుకి 2009 అడుగులకి పడిపోతుంది, 400 దగ్గర 1774కి. సాఫ్ట్ పాయింట్ తూటా తగిలాక పువ్వులా విచ్చుకుంటేనే జింక వెంటనే చస్తుంది. అటూ ఇటుగా 1800 కిందికి పోతే ఆ విచ్చుకోవడం మీద భరోసా తగ్గుతుంది. సన్నగా దూసుకుపోయి, గాయంతో జింక వెళ్లిపోతుంది.

స్టీలు పలక సంగతి అడుగుతారు మనవాళ్లు. "రేంజిలో 400 కొడుతున్నాను కదా, అడవిలో ఎందుకు కొట్టలేను?" రేంజిలో బెంచీ ఉంది, ఇసుక సంచి ఉంది. మొదటి తూటా తప్పితే దుమ్ము ఎక్కడ లేచిందో చూసి రెండోది సరిచేస్తావు. మూడోది మోగుతుంది, మోగిందే గుర్తుంటుంది. జింక మీద నీకు ఉండేది మొదటి తూటా ఒక్కటే. బారెల్ చల్లగా ఉన్నప్పటి తూటా, గుండె వేగంగా కొట్టుకుంటున్నప్పటి తూటా, మోకాళ్ల మీద కూర్చుని వేసిన తూటా. పలక తప్పితే పోయేది ఒక తూటా ఖరీదు. ఇక్కడ తప్పితే ఏం పోతుందో పైన రాశాను.

దీనికి గట్టి ఎదురు వాదన ఒకటుంది, దాన్ని దాటేయను. వయోమింగ్ మైదానాల్లో, పశ్చిమ టెక్సస్ ఎడారిలో దాక్కోవడానికి ఒక పొద ఉండదు. అక్కడ 150 గజాలు అంటే ఉత్త చేతుల్తో ఇంటికి రావడమే అంటారు. చాలావరకు నిజమే. అక్కడ పుట్టి పెరిగి, ఏడాది పొడుగునా గాలిలో సాధన చేసి, 300 గజాల దగ్గర కూర్చుని మొదటి తూటా సాసరులో వేయగలిగినవాళ్లున్నారు. వాళ్ల లెక్క 300 అయితే వాళ్లతో నాకు పేచీ లేదు. పేచీ ఎవరితోనంటే, వాళ్ల లెక్కని అరువు తెచ్చుకునేవాళ్లతో. ఏడాదికి రెండుసార్లు రేంజికి వెళ్లి, సీజన్లో నాలుగు శనివారాలు అడవికొచ్చే మనలాంటి ఐటీ ఉద్యోగులతో. నాతో.

థియొడోర్ రూజ్‌వెల్ట్ 1887లో మొదలుపెట్టిన బూన్ అండ్ క్రాకెట్ క్లబ్బు ఈ దూరపు వేట గురించి తన మాట చెప్పింది. ఇన్ని గజాలని గీత గీయదు. ఉద్దేశం ఏమిటో చూడమంటుంది. తుపాకీ ఎంత దూరం కొడుతుందో పరీక్షించుకోవడానికి ప్రాణిని వాడుకుంటే అది వేట కాదంటుంది. మంచి మాట. కానీ నాకు అది చాలదు. 2019లో నా ఉద్దేశం మంచిదే. ఇంటికి మాంసం తేవాలనే వెళ్లాను, ఎవరికీ గొప్ప చూపించుకోవాలనుకోలేదు. మంచి ఉద్దేశంతోనే పొట్టలో కొట్టాను. ట్రిగ్గర్ మీద వేలు ఉన్నప్పుడు ఉద్దేశం గుర్తుకు రాదు, అంకె గుర్తుకొస్తుంది. అందుకే అంకె కావాలి. అది ఇంట్లోనే, బుర్ర చల్లగా ఉన్నప్పుడే, తేల్చుకుని వెళ్లాలి.

ఆ అంకె ఎలా తేల్చాలి? నేను చేసేది చెబుతాను. 6 అంగుళాల పేపరు ప్లేట్లు ఒక కట్ట కొంటాను. రేంజిలో 100 గజాల దగ్గర ఒకటి అంటిస్తాను. బెంచీ ముట్టను. ఇరవై గుంజీలు తీస్తాను, ఆయాసం వచ్చేదాకా. వెంటనే నేల మీద కూర్చుని, అడవికి తీసుకెళ్లే కర్రల స్టాండు మీదే రైఫిల్ ఆనించి, పది సెకన్లలో ఒక్క తూటా వేస్తాను. బారెల్ చల్లారనిస్తాను. మళ్లీ గుంజీలు, మళ్లీ ఒక్కటి. మొత్తం ఐదు. ఐదూ ప్లేటులో పడితే ప్లేటుని 25 గజాలు వెనక్కి జరుపుతాను. ఒక్కటి బయటపడ్డా ఆ దూరం నాది కాదు. నాలుగు పడ్డాయి కదా, ఫరవాలేదు అనుకుంటే, ప్రతి ఐదు జింకల్లో ఒకటి ఆ వాగు గట్టున తెల్లారేదాకా పడుకోవాలని ఒప్పుకున్నట్టు.

మొదటిసారి ఇలా చేసిన రోజు సిగ్గుతో ఇంటికొచ్చాను. బెంచీ మీద 100 గజాల దగ్గర ఒకటింపావు అంగుళంలో పడే నా తూటాలు, కర్రల మీద కూర్చుంటే 4 అంగుళాలకి చెదిరాయి. నాలుగంటే 150 దగ్గర ఆరు, ప్లేటు అంచుదాకా. 200 దగ్గర ఎనిమిది, ప్లేటు దాటింది. నిలబడి, ఏ ఆసరా లేకుండా కొడితే 50 గజాలకే గొప్ప. మరి నేను 274 దగ్గర ఏం నమ్ముకుని నొక్కాను!

నార్వేలో పెద్ద జంతువుల వేటకి వెళ్లాలంటే ప్రతి ఏడూ ఇలాంటి పరీక్ష పాసవ్వాలి, 100 మీటర్ల దగ్గర ఐదు తూటాలు. టెక్సస్‌లో 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేయాలి, కానీ 17 ఏళ్లు నిండినవాళ్లు దాన్ని మొత్తం ఆన్‌లైన్‌లోనే ముగించొచ్చు. నేనూ సోఫాలో కూర్చునే ముగించాను. గాయపడ్డ జంతువుని వెతికే ప్రయత్నం చేయకపోతే ఇక్కడ నేరం, అది ఆ కోర్సులో ఉంది. కానీ ఒక్క తూటా కాల్చకుండానే సర్టిఫికెట్ వచ్చేసింది. ఇది మారాలి. మారేదాకా ఎవరి పరీక్ష వాళ్లే పెట్టుకోవాలి.

ఆ 150 కూడా అన్నీ కుదిరిన రోజు లెక్కే. గాలి గడ్డిని వంచుతుంటే 100కి దిగుతాను. చివరి పావుగంట మసక వెలుగులో అంతకంటే తక్కువకి. జింక అడ్డంగా కాకుండా నావైపు తిరిగి ఉంటే ఎంత దగ్గరున్నా ఆగుతాను. వెనక మట్టి గట్టు లేకపోతే అసలు లేదు, ఈ తూటా దేనికీ తగలకపోతే రెండు మైళ్లు దాటి పోగలదు. దూరం ఎక్కువైతే దగ్గరికి వెళ్తాను. గాలి ముఖానికి కొట్టేలా చూసుకుని, జెముడు పొదల మధ్య మోకాళ్ల మీద. ముప్పావుగంట పట్టి అరవై గజాలు ముందుకెళ్లిన రోజులున్నాయి. వెళ్లాక జింక లేని రోజులు ఇంకా ఎక్కువ.

పోయిన ఏడు జనవరిలో ఒక సాయంత్రం సెందేరోలోకి దుప్పులు వచ్చాయి. అవును, మన చుక్కల దుప్పులే, తెలంగాణ రాష్ట్ర జంతువు. వాటిని 1932లో టెక్సస్‌కి తెచ్చారు, రాంచీల్లోంచి బయటపడి హిల్ కంట్రీ అంతా పాకాయి. ఇక్కడి జింకల మేత తినేస్తున్నాయని వాటికి సీజను కూడా పెట్టలేదు, ప్రైవేటు భూమిలో ఏడాది పొడుగునా కొట్టొచ్చు. పద్దెనిమిది దాకా ఉన్నాయి. ఒక పెద్ద మగది, కొమ్ములు నా చేయంత పొడుగు, ఒంటి మీద చుక్కలు సాయంత్రపు ఎండలో ఒక్కొక్కటీ విడిగా కనిపిస్తున్నాయి. పెద్దాయన పక్కనే ఉన్నాడు. రేంజ్‌ఫైండర్ 190 చూపించింది. దాని వెనక ఇంకో మూడు నిలబడ్డాయి, ఒకదాంట్లోంచి దూరిన తూటా ఇంకోదాన్ని గాయపరుస్తుంది. నేను తుపాకీ పేలకుండా ఆపే సేఫ్టీ మీటని ముట్టలేదు. చీకటి పడేదాకా చూస్తూ కూర్చున్నాం. ట్రక్కు ఎక్కేటప్పుడు ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, ఆ వాగు మలుపు దగ్గర కింద కూర్చుంటే అవి రేపు నలభై గజాల్లో దాటతాయని చెప్పాడు.

సెందేరోలో ఒక మెస్కీట్ కొమ్మకి నారింజ రంగు రిబ్బను కట్టి ఉంటుంది. బ్లైండు నుంచి సరిగ్గా 150 గజాలు. 2020లో కట్టాను. రిబ్బను అవతల ఏం నిలబడ్డా నా చెయ్యి సేఫ్టీ మీదికి పోదు. వెలుగు పోతున్నప్పుడు, గుండె కొట్టుకుంటున్నప్పుడు, ఇంక ఆలోచించే పని ఉండదు.

ఈ అక్టోబరులో ప్లేట్ల పరీక్షకి ఆ తమ్ముణ్ణి కూడా తీసుకెళ్లాను. అతను 100 గజాల దగ్గర ఐదులో మూడు వేశాడు. నేను 150 దగ్గర ఐదులో మూడు. పోయిన ఏడు ఐదూ పడ్డాయి. నాకు నలభై ఏడు వచ్చాయి, కళ్లద్దాల నంబరు మారింది, ఎడమ మోకాలు మునుపటిలా మడత పడట్లేదు. ప్లేటుని ముందుకి జరుపుకుంటూ వచ్చాను. 130 దగ్గర ఐదూ పడ్డాయి. మరుసటి వారం ఇద్దరం లానో వెళ్లాం. అతను బ్లైండు కిటికీలోంచి రేంజ్‌ఫైండర్ పట్టుకుని చూస్తుంటే, నేను రిబ్బను విప్పి ఇవతలి చెట్ల దగ్గరికి నడిచాను. "ఇంకొంచెం ఇటు అన్నా... అక్కడే, 130" అని అరిచాడు. ముళ్లు గుచ్చుకోకుండా కొమ్మ వంచి రిబ్బనుకి రెండు ముడులు వేసి కట్టాను.